ఉద్యోగం మానకుండా లా డిగ్రీ: పార్ట్‌టైమ్ దారి నిజంగా ఉందా?

మీరు అడిగిన సంగతిని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. మీకు 34 ఏళ్లు. బీకాం చదివి హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నారు. ఇల్లు మీ జీతం మీదే నడుస్తోంది కాబట్టి ఉద్యోగం మానే పరిస్థితి లేదు. లా చదివి, వీలైతే జడ్జి పరీక్ష రాయాలని చాలాకాలంగా ఆశ. ఒక మధ్యవర్తి మీతో, పార్ట్‌టైమ్ ఎల్‌ఎల్‌బీ సీటు ఇప్పిస్తానని, పరీక్షలకు మాత్రం వస్తే చాలని చెప్పాడు. అమెరికాలో ఉన్న మీ పెదనాన్నగారి అబ్బాయి ఉద్యోగం చేస్తూనే సాయంత్రం తరగతులకు వెళ్లి లా చదువుతున్నారు కనుక ఇక్కడ కూడా అటువంటి ఏర్పాటు ఉంటుందని మీరు నమ్మారు. ఇక ఇంటర్ పూర్తిచేసిన మీ తమ్ముడు ఐదేళ్ల కోర్సులో చేరాలా, డిగ్రీ అయ్యాక మూడేళ్ల కోర్సు చదవాలా అన్నది రెండో ప్రశ్న.

నేను 22 ఏళ్లుగా జిల్లా కోర్టులో ఎక్కువగా సివిల్ దావాలు చేస్తున్నాను. మధ్యలో తొమ్మిదేళ్లు ఒక లా కళాశాలలో అతిథి అధ్యాపకుడిగా పాఠాలు చెప్పాను. ఎల్‌ఎల్‌బీలో చేరేనాటికి నేనూ ఉద్యోగినే, పెళ్లయి ఒక బిడ్డ ఉన్నవాణ్ణే. కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. అది తెలుసు కాబట్టే మీకు ఇష్టం లేని మాటను ముందుగా చెప్పేస్తున్నాను. న్యాయవాదిగా నమోదు కావడానికి పనికొచ్చే లా డిగ్రీకి మన దేశంలో పార్ట్‌టైమ్ రూపం లేదు. దూరవిద్యలో లేదు, ఆన్‌లైన్‌లో లేదు, ఆదివారం తరగతుల్లోనూ లేదు. ఉన్నది పూర్తికాల కోర్సు ఒక్కటే. దాని వేళలు కొందరి ఉద్యోగాలకు అమరుతాయి, కొందరికి అమరవు. మీరు చూసుకోవలసింది మీ ఉద్యోగం ఆ వేళల పక్కన నిలుస్తుందా లేదా అన్నదే.

ఎందుకిలా అంటే, అడ్వొకేట్స్ చట్టం, 1961 లా చదువు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని, న్యాయవాద వృత్తిని నియంత్రించే సంస్థ అయిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చిన 2008 నాటి న్యాయవిద్యా నియమాలే ఇప్పుడు దేశమంతటా లా కళాశాలలకు ఆధారం. ఆ నియమాలు రెండే రూపాలను గుర్తిస్తాయి. మొదటిది ఏదైనా డిగ్రీ తర్వాత చదివే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, రెండోది ఇంటర్ తర్వాత బీఏ, బీబీఏ వంటి డిగ్రీతో కలిపి చదివే ఐదేళ్ల సమీకృత కోర్సు. ఈ రెంటిలో దేనికైనా వారానికి కనీసం 30 తరగతి గంటలు ఉండాలి, అందులో 24 గంటలు ఉపన్యాసాలే ఉండాలి. మూడేళ్ల కోర్సులో ఒక్కొక్క సెమిస్టరు 15 వారాలకు తగ్గకూడదు. ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు ఉంటేనే సెమిస్టరు చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. అసాధారణమైన కారణం ఉన్నప్పుడు ఒక సబ్జెక్టులో 65 శాతం దాకా సడలించే వీలు ప్రిన్సిపాలుకు ఉంది గాని, అప్పుడు కూడా అన్ని సబ్జెక్టులూ కలిపి 70 శాతం దాటి ఉండాలి.

ఈ అంకెలను కాగితం మీద పరచి చూడండి. వారానికి 30 గంటల చొప్పున 15 వారాలంటే సెమిస్టరుకు 450 గంటలు. అందులో 70 శాతం 315 గంటలు. రోజుకు ఐదు గంటల తరగతులు అనుకుంటే ఒక సెమిస్టరులో 63 రోజులు, ఏడాదికి 126 రోజులు మీరు తరగతిలో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 30 సంపాదిత సెలవులు ఉంటాయి. ఒక్క రోజు కూడా ఇంటి అవసరానికి వాడుకోకుండా మొత్తం చదువుకే పెట్టినా అవి 45 రోజులు. ఇంకా 81 రోజులు ఎక్కడినుంచి తేవాలి? ప్రైవేటు సంస్థలో సెలవులు ఇంతకంటె తక్కువే తప్ప ఎక్కువ ఉండవు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా పనిచేసే మనిషి, సెలవులు పొదుపుగా వాడుకుని ఎల్‌ఎల్‌బీ గట్టెక్కుతాను అనుకుంటే, ఆ లెక్క మొదటి సెమిస్టరులోనే తప్పుతుంది.

అయితే అదే నియమావళిలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. విద్యార్థులందరూ హాస్టల్లో ఉండే కళాశాల కాకపోతే, తరగతులను ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 7 గంటల మధ్య ఎప్పుడైనా నడుపుకోవచ్చు. ఒకప్పుడు ఉద్యోగులు ఆఫీసు నుంచి నేరుగా సాయంత్రం లా కళాశాలకు వెళ్లేవారు. మా సీనియర్ల తరంలో చాలామంది పేరున్న ప్లీడర్లు అలా చదివి వచ్చినవారే. ఆరున్నరకు మొదలై తొమ్మిదికి ముగిసే ఆ పాతకాలపు తరగతులకు ఇప్పుడు చోటు లేదు. ఉదయం ఎనిమిదికి మొదలై ఒంటిగంటకు ముగిసే కళాశాల గాని, మధ్యాహ్నం మొదలై ఏడింటికి ముగిసే కళాశాల గాని దొరికితే మాత్రం, మిగతా సగం రోజు మీది. షిఫ్టు ఉద్యోగాలు చేసేవారు లా పూర్తిచేయగలిగేది ఈ ఒక్క కిటికీ గుండానే.

నా తరగతిలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉండేవారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, బస్సులో ఒక కునుకు తీసి, కళాశాల వెనుక కుళాయి దగ్గర ముఖం కడుక్కుని ఎనిమిదికల్లా రెండో బెంచీ చివర కూర్చునేవారు. మొదటి పీరియడు కాంట్రాక్టు చట్టం. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అని నేను చెబుతుండగా సగంలో లేచి గోడవారగా నిలబడేవారు. మొదట్లో నేను తప్పుగా అర్థం చేసుకుని ఒకరోజు పిలిచి అడిగాను. “కూర్చుంటే నిద్రపోతానండీ, నిలబడితే రాసుకోగలను” అన్నారు. మూడేళ్లూ అలాగే నిలబడి రాసుకున్నారు. ఆయన నోట్సు పుస్తకంలో కొన్ని పేజీల్లో అక్షరాలు కిందికి జారిపోయి ఉండేవి, అక్కడ నిద్ర ముంచుకొచ్చిందన్నమాట. పక్కన మర్నాడు వేరే సిరాతో ఆ భాగం తిరిగి రాసి ఉండేది. ఇప్పుడాయన ప్రాక్టీసులో ఉన్నారు. ఇలాంటివారిని తొమ్మిదేళ్లలో పదిమందికి పైగా చూశాను. వారందరిలో ఉన్న ఒక్క పోలిక వారి డ్యూటీ వేళలు తరగతి వేళలతో ఢీకొనకపోవడమే. పట్టుదల ఉండీ వేళలు కుదరక మధ్యలో మానేసినవారు అంతకు రెండింతలు ఉన్నారు.

నా సంగతి కూడా చెబుతాను. నా డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. కళాశాల ఉదయం పూట. చూడటానికి బాగా కుదిరినట్టే ఉంది. కాని మూడో సెమిస్టరులో మా బిడ్డకు జబ్బు చేసి, దానికి తోడు ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు వచ్చి పడి, ఒక సబ్జెక్టులో నా హాజరు 61 శాతం దగ్గర ఆగిపోయింది. పరీక్షకు కూర్చోనివ్వలేదు. అప్పుడు చాలా బాధపడ్డాను, కాని తప్పు కళాశాలది కాదు. ఆ సబ్జెక్టు సివిల్ ప్రొసీజర్. మరుసటి ఏడు జూనియర్లతో కలిసి మొదటి పాఠం నుంచి తిరిగి విన్నాను. ఇవాళ నేను బతుకుతున్నది ఆ సబ్జెక్టు మీదే. అందువల్ల ప్రణాళిక వేసుకునేటప్పుడు 70 శాతానికి సరిపడా వేసుకోకండి. 80 శాతానికి వేసుకుంటే జ్వరాలు, పెళ్లిళ్లు, ఆడిట్లు పోగా 70 మిగులుతుంది.

ఇక మీ మధ్యవర్తి మాట. పరీక్షలకు వస్తే చాలు అనేవారికి ఒకనాడు గిరాకీ ఉండేది, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. అందులో ప్రమాదం పరీక్షనాడు బయటపడదు, పదేళ్ల తర్వాత బయటపడుతుంది. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కళాశాలలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. విద్యార్థి తనపై క్రిమినల్ కేసులు ఉన్నాయా, ఏకకాలంలో మరో డిగ్రీ చదివాడా, కోర్సు కాలంలో ఉద్యోగంలో ఉన్నాడా, ఉంటే యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చాడా, హాజరు నిబంధన నెరవేర్చాడా అన్నవి చివరి మార్కుల జాబితా, డిగ్రీ ఇచ్చే ముందు రాతపూర్వకంగా ప్రకటించాలన్నది దాని సారాంశం. బయోమెట్రిక్ హాజరు, తరగతి గదుల్లో సీసీ కెమెరాలు పెట్టమని కూడా అందులో చెప్పారు. పగలంతా ఆఫీసులో సంతకం చేసి, అదే వేళ తరగతిలో ఉన్నట్టు రిజిస్టరులో గుర్తు వేయించుకున్న మనిషి ఈ ప్రకటన మీద ఏమని సంతకం చేస్తాడు? ముఖ్యమైన సంగతిని తప్పుగా చెప్పి రోల్‌లో, అంటే న్యాయవాదుల జాబితాలో, పేరు ఎక్కించుకున్నట్టు తేలితే ఆ పేరు తొలగించే అధికారం అడ్వొకేట్స్ చట్టం 26వ సెక్షన్ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఇచ్చింది. మీ సంస్థ జీతాల రికార్డు, పీఎఫ్ ఖాతా, కళాశాల హాజరు పట్టీ ఈ మూడూ చెరిగిపోయేవి కావు. రేపు మీ మీద కోపం వచ్చిన ప్రతిపక్షి ఎవరైనా వాటిని తెప్పించగలడు.

ఇక్కడ ఒక మాట చేర్చాలి. హాజరు తక్కువైందని లా విద్యార్థిని పరీక్షకు రానీయకుండా ఆపకూడదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఒక విద్యార్థి ఆత్మహత్య నేపథ్యంలో, పిల్లల మీద ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన తీర్పు అది. హాజరు నిబంధనలను పునఃపరిశీలించమని బార్ కౌన్సిల్‌ను ఆ కోర్టు కోరింది. ఆ తీర్పు చూసి ఇక తరగతికి వెళ్లనక్కర్లేదని భరోసా పడి సీటు తీసుకోవద్దు. కళాశాల తన రిజిస్టరు మానలేదు, మీరు ఇవ్వవలసిన ప్రకటనా అలాగే ఉంది.

తరగతికి వెళ్లడం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి నిబంధన ఒక్కటే కారణం కాదు. ఎల్‌ఎల్‌బీలో నాలుగు ప్రాక్టికల్ పేపర్లు ఉంటాయి. దావా పత్రాలు, దస్తావేజులు రాయడం ఒకటి, వృత్తి నీతి ఒకటి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం ఒకటి, నాలుగోది మూట్ కోర్టు (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు), ఇంటర్న్‌షిప్. ఈ నాలుగోదానిలో మూడు మూట్‌లు వాదించాలి, ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చుని చూసి రికార్డు రాయాలి, న్యాయవాది ఆఫీసులో కక్షిదారుతో జరిగే సంభాషణను రెండుసార్లు గమనించి రాయాలి. ఇవి కాక మూడేళ్ల కోర్సులో మొత్తం మీద కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఉద్యోగస్థులు లెక్కలోకి తీసుకోవడం మరచిపోయేది ఈ 12 వారాలనే, ఎందుకంటే కోర్టులు పనిచేసేది పగలే.

ఈ రికార్డులు దిద్దేటప్పుడు ఎవరు కోర్టుకు వెళ్లారో, ఎవరు నిరుటి పుస్తకం చూసి దించేశారో మొదటి పేజీలోనే తెలిసిపోయేది. దించినవారు “సాక్షిని విచారించారు, వాయిదా వేశారు” అని ఊరుకుంటారు. ఒక అమ్మాయి శాశ్వత ఇంజంక్షన్ (నిషేధపు ఉత్తర్వు) దావా చూసి రాసిన రికార్డు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆనాటి కేసులను పిలిచే కాల్ వర్కు అయ్యేదాకా ఆమె వెనుక బెంచీలో కూర్చుంది. వాది బోనెక్కి, పొలం తన స్వాధీనంలోనే ఉందని చీఫ్‌లో, అంటే తన వైపు విచారణలో, చెప్పాడు. క్రాస్‌లో, అంటే ఎదురు విచారణలో, ప్రతివాది వకీలు గట్టు, బోరు అంటూ ఏమీ అడగకుండా, తూర్పు హద్దులో ఎవరి పొలం ఉందని ఒక్క ప్రశ్న వేశారు. వాది చెప్పిన పేరు ఒకటి, దావాలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో ఉన్న పేరు మరొకటి. ఆ క్షణంలో జడ్జిగారు తలెత్తి చూశారని, వాది వకీలు కలం కింద పెట్టేశారని ఆ పిల్ల రాసింది. సాక్ష్యం అంటే ఏమిటో ఆమెకు ఆ పూటే తెలిసింది. నేను మూడు నెలలు పాఠం చెప్పినా అంత తెలిసేది కాదు.

ఇప్పుడు మీరు మీకు మీరే సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ డిగ్రీ మీకు దేనికి? నల్లకోటు వేసుకుని వాదించడానికా, జడ్జి కావడానికా, ఉన్న ఉద్యోగంలో మెరుగుపడటానికా? మూడింటికీ మూడు వేర్వేరు లెక్కలున్నాయి.

జడ్జి పరీక్ష సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అందులో ఇటీవల పెద్ద మార్పు వచ్చింది. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి నియామకాలకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును పునరుద్ధరించింది. బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు జరిగిన నాటినుంచి ఆ కాలాన్ని లెక్కిస్తారు. డిగ్రీ చేతికి రాగానే పరీక్ష రాసే రోజులు పోయాయి. మన రెండు రాష్ట్రాల నోటిఫికేషన్లలో ఈ పోస్టుకు జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 35 ఏళ్లుగా ఉంటూ వచ్చింది, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంది. మీరు ఈ ఏడే చేరినా పట్టా వచ్చేసరికి 37, మూడేళ్ల ప్రాక్టీసు అయ్యేసరికి 40. సడలింపు వర్తించకపోతే ఆ తలుపు మీకు మూసుకున్నట్టే. ఇది చెప్పడం నాకు సంతోషంగా లేదు. కాని ఆరేళ్లు పెట్టుబడి పెట్టాక తెలియడం కంటె ఇప్పుడు తెలియడం మేలు.

ప్రాక్టీసు అయితే వయసు అడ్డం కాదు. 45 ఏళ్లకు నమోదై మంచి పేరు తెచ్చుకున్నవారిని ఎరుగుదును. అకౌంట్స్ తెలిసిన న్యాయవాదికి చెక్ కేసులు, జీఎస్టీ వ్యవహారాలు, కంపెనీ వివాదాలు, బ్యాంకు రికవరీలలో సహజంగానే పట్టు ఉంటుంది. అడ్డం వచ్చేది జీతమే. పూర్తికాల జీతం మీద పనిచేసే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదన్నది బార్ కౌన్సిల్ 49వ నియమం. సతీశ్ కుమార్ శర్మ కేసులో 2001లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అంటే చదువు ఉద్యోగంతో కలిపి ఎలాగో గడిపినా, నమోదు నాటికి ఉద్యోగమా, నల్లకోటా అని తేల్చుకోక తప్పదు. నమోదుకు పెద్ద ఖర్చు లేదు. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నమోదు రుసుమును జనరల్ వర్గానికి 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు కట్టడి చేసింది. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష రాయాలి. అసలు ఖర్చు సీనియర్ ఆఫీసులో జూనియర్‌గా గడిపే మొదటి రెండు, మూడేళ్లు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది గాని అది సిఫారసు మాత్రమే, ఆజ్ఞ కాదు. జిల్లా కోర్టుల్లో జూనియర్ చేతికి వచ్చేది దానికి చాలా తక్కువ. కాబట్టి మీ ఇంటి ఖర్చుకు కనీసం రెండేళ్లు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోవడం ఈ మూడేళ్ల చదువులో ఒక పేపరు అనుకోండి.

ఉన్న ఉద్యోగంలో ఎదగడానికే అయితే, ఎల్‌ఎల్‌బీ కంటె దగ్గరి దారులు ఉన్నాయి. పార్ట్‌టైమ్ అన్న మాట నిజంగా వర్తించేది వీటికే. జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావడానికి బీకాం సరిపోతుంది, నిర్దేశించిన పరీక్ష ఒకటి గట్టెక్కాలి. దానికి ముందు మీ సంస్థ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. కంపెనీ సెక్రటరీ కోర్సు పరీక్షలకు ఇంట్లో చదువుకుని హాజరు కావచ్చు, ప్రాక్టికల్ శిక్షణ మాత్రం తప్పదు. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం పేటెంట్ చట్టం, సైబర్ చట్టం, మీడియా చట్టం వంటివాటిలో దూరవిద్య పీజీ డిప్లొమాలు ఇస్తోంది. ఇవి ఏవీ మిమ్మల్ని న్యాయవాదిని చేయవు. పాతరోజుల్లో కరస్పాండెన్స్‌లో బీజీఎల్ అనే లా డిగ్రీ చదివి, దాన్ని పట్టుకుని నమోదుకు వెళ్లి తిరిగివచ్చినవారి నిరాశ నేను కళ్లారా చూశాను. ఏ చదువు ఏ తలుపు తెరుస్తుందో ముందే తెలిస్తే ఆ నిరాశ ఉండదు.

అర్హతల విషయంలో రెండు గోతులు ఉన్నాయి, వాటిలో చాలామంది తెలియక పడుతున్నారు. ఇంటర్ చదవకుండా అర్హత పరీక్ష రాసి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నేరుగా డిగ్రీ చేసినవారిని 2008 నియమాలు ఎల్‌ఎల్‌బీకి అనుమతించవు. ఇంటర్ చదివి, డిగ్రీ మాత్రం దూరవిద్యలో చేసినవారికి ఇబ్బంది లేదు. మన వైపు సార్వత్రిక విశ్వవిద్యాలయం నలభై ఏళ్లకు పైగా ఉంది కాబట్టి ఈ తేడా వల్ల నష్టపోయిన ఉద్యోగులు ఊరూరా ఉన్నారు. మీది రెగ్యులర్ బీకాం అయితే ఈ చింత లేదు. రెండోది, ఎల్‌ఎల్‌బీ చదువుతూ పక్కన ఎంకాం రెగ్యులర్‌గా చేద్దామనుకోవడం. 2022లో యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చదవవచ్చని చెప్పిన మాట నిజమే గాని, లా విషయంలో బార్ కౌన్సిల్ నియమం దాన్ని ఒప్పుకోదు. భాష, కంప్యూటరు వంటి చిన్న సర్టిఫికెట్ కోర్సులకు, దూరవిద్య కోర్సులకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది.

అమెరికాలో మీ అన్నగారు చేస్తున్నది అక్కడి పద్ధతి. అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం అక్కడి లా డిగ్రీ అయిన జేడీకి కనీసం 83 క్రెడిట్లు కావాలి, వాటిని పూర్తిచేయడానికి 84 నెలల దాకా గడువు ఉంది. అందుకని అక్కడి కళాశాలలు అదే డిగ్రీని సాయంత్రం తరగతులుగా నాలుగేళ్లకు సర్ది చెప్పగలుగుతున్నాయి. మన నియమాలు వారానికి ఇన్ని గంటలని బిగించాయి కనుక ఇక్కడ అలా సాగదీయడానికి వీలులేదు. ఉద్యోగం చేసుకునే పేదవారికి మన పద్ధతి అన్యాయం చేస్తోందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అవే తరగతి గంటలను మూడేళ్లకు బదులు నాలుగున్నరేళ్లకు పరచి, రాత్రి తొమ్మిది దాకా తరగతులు అనుమతిస్తే ప్రమాణం ఏమీ తగ్గదు. గుమాస్తాలు, కానిస్టేబుళ్లు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు చట్టం చదివితే కోర్టులకే మేలు జరుగుతుంది. అది జరిగేనాడు జరుగుతుంది. ఈలోగా ఉన్న నియమంలోనే మనం దారి వెతుక్కోవాలి.

మీ తమ్ముడి విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు. లా చదవాలని అతనికి గట్టిగా ఉంటే ఐదేళ్ల కోర్సే మేలు. డిగ్రీ మూడేళ్లు, ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు కలిపితే ఆరు, ఇక్కడ ఒక ఏడు కలిసివస్తుంది. పైగా జడ్జి కావాలనుకుంటే మూడేళ్ల ప్రాక్టీసు పూర్తయినా 26 దాటకుండా పరీక్ష రాయగలడు. కాని ఒక హెచ్చరిక. ఐదేళ్ల కోర్సును మధ్యలో వదిలితే చేతికి బీఏ కూడా రాదు. మూడేళ్లకే డిగ్రీ ఇచ్చి పంపడాన్ని, డిగ్రీ ఉన్నవారిని మధ్యలో చేర్చుకోవడాన్ని నియమాలు నిషేధించాయి. అందుచేత ఊగిసలాటలో ఉన్న పిల్లవాణ్ణి బలవంతాన చేర్చవద్దు. అతను ముందు డిగ్రీ చదివి, ఆ తర్వాత మూడేళ్ల కోర్సులోకి రావచ్చు. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య, హైదరాబాదులోని నల్సార్ వంటి జాతీయ లా విశ్వవిద్యాలయాలకు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అక్కడ ఫీజులు ఎక్కువ. విశ్వవిద్యాలయ కళాశాలలకు, ప్రైవేటు కళాశాలలకు లాసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఉంది.

మీరు రాయవలసింది కూడా లాసెట్టే. తెలంగాణలో ఇటీవలి సంవత్సరాల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దాన్ని నిర్వహిస్తూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు వేరే లాసెట్ ఉంది. గంటన్నరలో 120 ప్రశ్నలు, వాటిలో 60 లా అభిరుచి మీద, మిగతావి సామాన్య జ్ఞానం, వర్తమాన వ్యవహారాల మీద. తప్పు సమాధానానికి మార్కులు కోయరు, ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. గరిష్ఠ వయసు లేదు. డిగ్రీలో జనరల్ వర్గానికి 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. రెండు నెలలు రోజుకు గంట కేటాయిస్తే ర్యాంకు వస్తుంది. కష్టం ర్యాంకులో లేదు, వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఉంది. అక్కడ అందరూ కళాశాల పేరు చూసి పెడతారు. మీరు మాత్రం వేళలు చూసి పెట్టాలి.

అందువల్ల దరఖాస్తు చేసే ముందు ఒక సెలవు రోజు ఇందుకు వాడండి. మీ ఆఫీసుకు, ఇంటికి మధ్య దారిలో ఉన్న మూడు, నాలుగు కళాశాలలకు స్వయంగా వెళ్లి, ఆఫీసు గదిలో చెప్పే మాట వినడంతో ఊరుకోకుండా నోటీసు బోర్డు మీది మొదటి సంవత్సరం టైంటేబులు ఫొటో తీసుకోండి. నిరుడు హాజరు తక్కువై ఎంతమంది ఆగిపోయారని ఒకరిద్దరు విద్యార్థులను అడగండి. ఎవరూ ఆగలేదని గొప్పగా చెప్పే చోటుకంటె, ఫలానావారు ఆగిపోయారని చెప్పే చోటే మీకు క్షేమం. తర్వాత మీ మేనేజరుగారితో మాట్లాడి మధ్యాహ్నం మొదలయ్యే షిఫ్టు గాని, మూడేళ్లపాటు తక్కువ జీతానికి సగంపూట పని గాని ఇవ్వగలరేమో కనుక్కోండి, ఒప్పుకుంటే నిరభ్యంతర పత్రం కాగితం మీద తీసుకోండి. అకౌంట్స్ పని ఎక్కువభాగం వేళతో నిమిత్తం లేనిదే కాబట్టి మీ విషయంలో ఇది అసాధ్యమని నాకు అనిపించడం లేదు. ఆ టైంటేబులు, వారు ఇవ్వగల షిఫ్టు వేళలు రెండూ తెలియజేస్తే, ప్రయాణం పోగా వారానికి ఎన్ని తరగతి గంటలు దక్కుతాయో, ఆ 80 శాతం నిలుస్తుందో లేదో నేనే లెక్క వేసి చెబుతాను.